దువ్వెనల రుమాలు

ఖంగుమంటూ వాకిట్లో పడింది ఇత్తడి కంచం! రాయికి తగిలి, దొర్లి దొర్లి, కోళ్ళగంప పక్కన బోర్లా పడింది. అది రూప్‌సింగ్ కంచం. ఆరేళ్ళ వయసులో జమ్లి చేతి ముద్ద తినడం మొదలుపెట్టిన నాటి నుంచి ఆ ఇంట్లో అతనికి అదే కంచం. పెళ్ళయి, దవాఖానాలో గుమాస్తా అయి, కంపెనీ క్వార్టర్లో వేరు కాపురం పెట్టినా, తండాకు వచ్చినప్పుడల్లా వదిన అదే కంచంలో రొట్టె పెట్టేది. ఆ కంచాన్నే ఇవాళ జమ్లి వాకిట్లోకి విసిరేసింది... తండా అంతా చూస్తుండగా!

గడప బయట నిలబడ్డాడు రూప్‌సింగ్. చేతిలో అన్న కోసం తెచ్చిన కమలాపండ్ల పొట్లం. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"వదినా... నేను చెప్పిన దాంట్ల అబద్ధమేమున్నది? అన్న ఏటేటా పటం సరిగ్గనే చదివిండు గదా! అడిగిండ్రు, చెప్పిన. సంతకం పెట్టుమన్నరు, పెట్టిన."

"అవ్... సరిగ్గనే చదివిండు! చదివిచ్చిందెవరు?" జమ్లి గొంతు ఒక్కసారి పైకి లేచింది. "కండ్లు కనబడని మనిషికి పటం నేర్పి, కంపెనీ సార్ల ముంగట 'మా అన్న కండ్లు మంచిగున్నయ్' అని రాసిస్తవా? నీ అన్న కూలి పైసలతోని చదువుకున్న చదువు గిందుకా? నిన్ను నేను కనలేదు గని, కన్నతల్లి కన్నా ఎక్కువ సాకిన గదరా! సీత్లా తల్లి మీద ఆన... ఇనుకో! నీ నోటితోనే నిన్ను బొంద పెట్టిస్త! గప్పటిదాంక నా ఇంట్ల నీకు గుక్కెడు నీళ్ళు గూడ లేవు!"

"ఊకో జమ్లీ..." అన్నాడు లోపలి నుంచి లచ్చిరాం. గోడ పట్టుకుని గడప దాకా వచ్చాడు. కంచం చప్పుడు ఎటు నుంచి వచ్చిందో చెవితో ఆనవాలు పట్టి, వాకిట్లోకి వంగి, చేతులతో నేలంతా తడిమాడు. కంచం అతని చేతికి జానెడు దూరంలోనే ఉంది. అతనికి కనబడలేదు. రూప్‌సింగ్ దాన్ని తీసి అన్న చేతిలో పెట్టబోయి, వదిన చూపు చూసి వెనక్కి తగ్గాడు. పండ్ల పొట్లం గడప మీద పెట్టి తల వంచుకుని వెళ్ళిపోయాడు. ఆ పండ్లను జమ్లి మేకలకు వేసింది.

ఇదంతా ఎనభై ఆరో సంవత్సరం ఎండాకాలం మాట. టేకులపల్లి అడవి అంచున ఆ తండా, తండాకు రెండు మైళ్ళ దూరంలో బొగ్గు గని. లచ్చిరాం ఆ గనిలో తాడు ఇంజను నడిపేవాడు. బొగ్గు నింపిన టబ్బులను లోపలి నుంచి ఉక్కుతాడుతో పైకి లాగే ఇంజను అది. తాడు మీద తెల్లరంగు గుర్తు కనబడగానే ఇంజను ఆపాలి. ఆపకపోతే టబ్బులు పట్టాలు దాటి మనుషుల మీదికి దూకుతాయి. అంత పని చేసే మనిషికి చూపు ఎంత ముఖ్యమో వేరే చెప్పాలా! అందుకే ఇంజను నడిపేవాళ్ళకు ఏటా కంపెనీ డిస్పెన్సరీలో కళ్ళ పరీక్ష ఉండేది.

పదహారేళ్ళకు కోడలై వచ్చిన జమ్లికి మొదటి రోజే ఒళ్ళో పడ్డాడు రూప్‌సింగ్. అత్త అప్పటికే పోయింది. వదిన కొంగు పట్టుకుని పెరిగాడు పిల్లవాడు. అతను హాస్టల్లో చదివినన్నాళ్ళు లచ్చిరాం ఒక్క ఆదివారం కూడా ఇంటి పట్టున లేడు. సెలవు రోజు కూలికి డబ్బులెక్కువని గనికే పోయేవాడు. కూతురు పూలికి కొత్త బట్టలు లేని ఏడూ ఉంది గాని, రూప్‌సింగ్‌కు పుస్తకాలు లేని ఏడు లేదు. తండాలో మొదటిసారి మెట్రిక్ పాసై, అదే గని డిస్పెన్సరీలో గుమాస్తా అయిన రోజున లచ్చిరాం ఊరంతటికీ బెల్లం పంచాడు. ఆ మరుసటి ఏడే మొదలైంది మాయరోగం. ముందు పక్కనున్నవి కనబడలేదు. తర్వాత ఎదురుగా ఉన్నవి మంచులో ఉన్నట్టు అయ్యాయి.

"డాక్టరుకు చెప్త" అన్నాడు లచ్చిరాం ఒకనాడు అన్నం తింటూ.

రూప్‌సింగ్ గాభరాపడ్డాడు. "చెప్పకే అన్నా! నౌకరీల నుంచి తీసేస్తరు. పూలి చిన్నపిల్ల. నాకు లగ్గం కుదురుతున్నది... అన్నకు నౌకరీ లేదంటే పిల్లనెవరిస్తరు? పరీక్ష సంగతి నేను చూస్కుంట."

ఆ డిస్పెన్సరీలో గోడకు ఒక పటం ఉంటుంది. చదువు రానివాళ్ళ కోసం దాని మీద అక్షరాలకు బదులు మూడు పళ్ళ దువ్వెనల్లాంటి బొమ్మలు. పై వరసలో పెద్దది, కింది వరసల్లో చిన్నవి. పళ్ళు ఎటు తిరిగి ఉన్నాయో చేత్తో చూపించాలి. పైకి, కిందికి, కుడికి, ఎడమకి. పటం దగ్గర కట్టె పట్టుకుని ఒక్కొక్క బొమ్మనూ వరసగా తట్టి చూపించేది రూప్‌సింగే! అతను ఆ బొమ్మలన్నిటినీ వరస తప్పకుండా ఒక బీడీకట్ట కాగితం మీద గీసి వదినకు తెచ్చిచ్చాడు. చదువు రాని లచ్చిరాంకు కాగితం ఏం పనికొస్తుంది? కనబడని కంటికి గీతలు ఏం పనికొస్తాయి? జమ్లి ఆలోచించింది. ఒక నల్లగుడ్డ తీసి, లావుపాటి తెల్లదారంతో, వేలికి తగిలేలా ఉబ్బెత్తుగా, ఆ దువ్వెనలన్నీ ఏడు వరసలుగా రుమాలు మీద కుట్టింది. లంబాడి కుట్టులో పువ్వుకు ఎదురు పువ్వు, గొలుసుకు ఎదురు గొలుసు ఉంటాయి. ఈ దువ్వెనలేమో ఒకదానికొకటి పొత్తు లేకుండా ఇష్టమొచ్చినట్టు తిరిగి ఉన్నాయని కుడుతున్నంతసేపూ సణుక్కుంది పాపం! కుట్టడం అయ్యాక ఆ కాగితాన్ని పొయ్యిలో వేసేసింది. లచ్చిరాం పొద్దుగూకే వేళ ఒళ్ళో రుమాలు వేసుకుని, వేళ్ళతో తడుముకుంటూ వరసలన్నీ కంఠస్థం చేశాడు. ఆరేళ్ళు ఆరు పరీక్షలు గట్టెక్కాడు. ముగ్గురూ అది మేలు అనుకున్నారు. దేవుడి సాక్షిగా మేలనే అనుకున్నారు!

మరి ఇంజను? తాడు మీది గుర్తు కనబడకున్నా, డ్రమ్ము మీద తాడు ఎన్ని చుట్లు చుట్టుకుంటే టబ్బులు పైకొస్తాయో చప్పుడును బట్టి లెక్కపెట్టి ఆపేవాడు లచ్చిరాం. ఆరేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఎనభై ఆరు ఫాల్గుణంలో మాత్రం కంపెనీవాళ్ళు పాత తాడు తీసి, అంతకన్నా లావు తాడు వేశారు. లావు తాడుకు చుట్లు తక్కువ. ఆ సంగతి తాడును చూసినవాడికి తెలుస్తుంది, చూపు లేనివాడికి ఎవరు చెబుతారు? పాత లెక్క ప్రకారం లచ్చిరాం ఇంజను నడుపుతూనే ఉన్నాడు... టబ్బులు పట్టాలు దాటి దూకాయి! పైన నిలబడ్డ సమ్మయ్య కాలు మోకాలి కింద నుజ్జయింది.

ఆ తర్వాత విచారణ. ఆ విచారణలోనే రూప్‌సింగ్ చేసిన ఘనకార్యం మీరు విన్నారు.

*

వరంగల్ కళ్ళ డాక్టరు టార్చి వేసి చూసి, "కంటినరం ఎండిపోయిందమ్మా. అద్దాలు పెట్టినా, ఆపరేషన్ చేసినా ఇక రాదు" అని రాసిచ్చాడు. ఆ కాగితం పట్టుకుని జమ్లి యూనియన్ జంపయ్య దగ్గరికి పోయింది. జంపయ్య కోయవాడు, మంచివాడు, గనిలో అందరి అర్జీలూ అతనే రాయించి పెడతాడు.

"జమ్లక్కా, కండ్లు పోయినయంటే కంపెనీ గూడ కాదంటలే" అన్నాడు. "ఎప్పుడు పోయినయనేదే కొట్లాట! టబ్బులు దూకక ముందే పోయినయనుకో... లచ్చిరాం అన్‌ఫిట్. పని చేసుకుంట అంగవైకల్యం వచ్చినోని కింద లెక్క. కసూరు లేదు, తప్పు మీద పడది, పింఛను వస్తది, ఇంట్ల ఒకరికి నౌకరీ గూడ ఇస్తరు. దూకిన తర్వాత పోయినయంటే మాత్రం... కండ్లుండి నిర్లక్ష్యం చేసినట్టు. డిస్మిస్! దొంగ పేరు మిగుల్తది. కాగితాలల్ల చూస్తే, టబ్బులు దూకడానికి ఎనిమిది నెలల ముంగట అంత మంచిగ కనబడ్డదని ఉన్నది. పైంగ సొంత తమ్ముడే సాక్ష్యం! ఇగ తేల్చేది పెద్ద దవాఖానాల కూసునే డాక్టర్ల బోర్డే."

జమ్లి కాగితం మడిచి లేచింది. తిరిగి వచ్చే దారిలో సమ్మయ్య భార్య నీళ్ళ పంపు దగ్గర ఎదురై, బిందె దింపి మరీ మొహాన అడిగింది: "ఆరేండ్లు జీతం దీస్కుంటప్పుడు కనబడ్డ కండ్లు, నా మొగుని కాలు పోయినంక పోయినయా? ఎన్ని నాటకాలాడుతరే మీరు!" పంపు దగ్గరి ఆడవాళ్ళంతా నోళ్ళు నొక్కుకున్నారు. జమ్లికి భూమి చీలితే బాగుండుననిపించింది.

ఇంటికి వచ్చి పెట్టె తెరిచింది. అడుగున, పెళ్ళినాటి గాగ్రా కింద, మడతపెట్టి ఉంది రుమాలు. చేతిలోకి తీసుకుంది. ఒక్కొక్క దువ్వెన మీదా వేలు పోనిచ్చింది. ఎన్నో రోజుల తర్వాత ఆమె మొహంలో నవ్వు లాంటిది కనబడింది. దొరికింది ఆయుధం! ఇది బోర్డు డాక్టర్ల ముందు పరిస్తే మొగుడి పేరు నిలుస్తుంది, మరిది కొంప మునుగుతుంది. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు! ఆ రెండో పిట్ట కోసమే ఆమె ప్రాణం ఎక్కువ తహతహలాడిందని చెప్పడానికి నేనేం మొహమాటపడను. ఇల్లూ వాకిలీ మరిచి సాకిన చేతిని కాటేస్తే, ఏ తల్లికైనా కడుపు మండదా?

లచ్చిరాం పెట్టె చప్పుడు విన్నాడు. "ఆ రుమాలు తియ్యకు జమ్లీ" అన్నాడు నెమ్మదిగా. "కడుపు చించుకుంటే కాళ్ళమీద పడ్తది. నా కండ్లు ఎట్లనో పోయినయ్. వాని నౌకరీ గూడ పోవాల్నా?"

"పోవాలె! పోవాలె! పోయి మట్టి పిసుక్కోవాలె! నా కండ్లతోని సూడాలె!"

అన్నాక నాలుక కరుచుకుంది. కళ్ళు లేని మనిషి ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది...

మూడోనాడు రూప్‌సింగ్ భార్య ద్వాలి వచ్చింది. వచ్చీ రాగానే తోటికోడలి కాళ్ళ మీద పడింది. "అక్కా, ఆయన తిండి తింటలేడు. నిద్ర పోతలేడు. భయపడి సంతకం పెట్టిండక్కా! పటం బయటికిచ్చినట్టు తెలిస్తే జైల్ల ఏస్తరనుకున్నడు. నీ చేతుల పెరిగినోడు... కొట్టు, తిట్టు, గని నాశనం చెయ్యకు!"

"తింటలేడా?" అంది జమ్లి, ద్వాలి చేతులు తన కాళ్ళ మీది నుంచి తీసేస్తూ. "మంచిగయింది. నా ఇంట్ల గూడ మూడు నెలల సంది ఎవరికీ తిండి దిగుతలేదు. పో, పోయి చెప్పు. బోర్డు దినాన వస్తున్న. రుమాలు తెస్తున్న!"

ద్వాలి ఏడుస్తూ వెళ్ళింది. జమ్లి కంట ఒక్క చుక్క రాలలేదు.

అయితే బోర్డు రేపనగా ఆమె ఒక పని చేసింది. సమ్మయ్య ఇంటికి పోయింది. సమ్మయ్య అరుగు మీద కూర్చుని ఉన్నాడు, చంకకర్ర గోడకు ఆనించి ఉంది. జమ్లి దాచకుండా మొత్తం చెప్పింది. రుమాలు చూపించింది. మరిదిని రేపు అందరి ముందు ఎలా నిలబెట్టబోతుందో కసిగా చెప్పింది. సమ్మయ్య మెచ్చుకుంటాడనుకుంది. అతను రుమాలును అటూ ఇటూ తిప్పి చూసి, "గీసిచ్చినోడు వాడు. సరే. కుట్టిందెవరు?" అని అడిగాడు.

జమ్లి చెయ్యి చాచి రుమాలు వెనక్కి తీసుకుంది.

"నీ మొగునికి కండ్లు పోతే కాగితం రాస్తరు. నీ మరిది తప్పు చేస్తే కాగితం రాస్తరు. నా కాలు ఏ కాగితంల రాస్తరు జమ్లక్కా? నువ్వు కుట్టిన దువ్వెనలే నా కాలు మీద పడ్డయ్."

ఆమె రుమాలు మడిచి రొంటిన దోపుకుని ఇంటికి వచ్చింది. దారిలో ఏడ్చింది. అయినా కోపం చావలేదు. తన తప్పు తెలిసొచ్చినప్పుడు మనిషికి ఎదుటివాడి మీద కోపం ఇంకాస్త పెరుగుతుంది. అదేం విచిత్రమో గాని, నేను చూసిన లోకం అంతే.

*

పెద్ద దవాఖానాలో బోర్డు కూర్చుంది. ముగ్గురు డాక్టర్లు. నడుమ కూర్చున్నాయన వెంకటరామారావు గారు, కోస్తా నుంచి వచ్చినాయన, కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి చూసే ముసలి మనిషి. గోడకు దువ్వెనల పటం. దాని పక్కన డిస్పెన్సరీ కార్డుల కట్ట పట్టుకుని, చేతిలో కట్టెతో రూప్‌సింగ్! కార్డులు తెచ్చే పని కూడా అతనిదే కదా. జంపయ్య జమ్లినీ లచ్చిరాంనూ లోపలికి తీసుకొచ్చి పక్కన నిలబడ్డాడు.

"చూపు పోయింది. ఇందులో వివాదం లేదు" అన్నారు వెంకటరామారావు గారు కాగితాలు తిరగేస్తూ. "కానీ లచ్చిరామూ, కిందటేడు జులైలో నువ్వు పటం దాదాపు మొత్తం చదివావు. ప్రమాదం మార్చిలో జరిగింది. అంతకు ముందే చూపు పోయిందని ఏమిటి ఆధారం?"

జమ్లి ముందుకు నడిచింది. గాజులు గలగలమన్నాయి. రొంటిన ఉన్న రుమాలు తీసి బల్ల మీద పరిచింది.

"గిది ఆధారం సారూ! నా మొగడు కండ్లతోని చదవలే. గీ రుమాలు తడుముకుంట నేర్చుకున్నడు. ఆరేండ్ల కింద కుట్టిన. కుట్టింది నేను... నాదీ తప్పే, నన్ను జైల్ల ఏస్తే ఏయుండ్రి! గని బొమ్మలు గీసిచ్చిందెవరో ఎర్కనా?" ఆమె చెయ్యి లేచింది. "గదో... కట్టె పట్టుకొని నిలబడ్డడే, గాయినే! నా మరిది!"

డాక్టరు తల తిప్పారు. "ఏమయ్యా, నిజమేనా?"

రూప్‌సింగ్ దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, చివరకు గొణిగాడు. "మా వదిన బాధల ఉన్నది సార్..."

ఓరి పాపిష్టివాడా! జమ్లి పళ్ళు పటపట కొరికింది. డాక్టరు రుమాలును పైపైన చూసి పెదవి విరిచారు. "అమ్మా, ఇది నువ్వు నిన్న కుట్టి ఉండొచ్చు. మొన్న కుట్టి ఉండొచ్చు. పటం ఎవరికైనా కనబడేదే కదా. లచ్చిరామూ, నువ్వు చెప్పు. ఈ బొమ్మలు నీ తమ్ముడిచ్చాడా?"

రుమాలును జరిపి లచ్చిరాం చేతి కిందికి తోసింది జమ్లి. అతని వేళ్ళు వాటంతట అవే కదిలాయి. మొదటి వరస, రెండో వరస... ఆరేళ్ళ అలవాటు! అంతలోనే చెయ్యి తీసేశాడు.

"లేదు సారూ" అన్నాడు. "నా తమ్మునికి ఏమెర్కలే. గిది నా పెండ్లాం మొన్ననే కుట్టింది. నన్ను బతికిచ్చుకుందామని... ఆడది, తెలివిలేక. క్షమించుండ్రి."

"ఓ పూలి నాయినా!" జమ్లి కెవ్వుమంది. "ఏమంటున్నవ్? నీ నోటితోని నువ్వే ఉరేసుకుంటవా? ఎవనికోసం? ఆ పాముకోసమా?"

లచ్చిరాం మసకకళ్ళ నుంచి రెండు ధారలు కారుతున్నాయి. జంపయ్య నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. వెంకటరామారావు గారు పెన్ను తీసి, ఫైలు దగ్గరికి లాక్కున్నారు. "ఇంకేముందమ్మా. రూప్‌సింగ్, ఆ గుడ్డ వాళ్ళకిచ్చెయ్."

రూప్‌సింగ్ రుమాలు తీశాడు. తీసి మడవబోయి ఆగాడు. మళ్ళీ విప్పాడు. పటం వంక చూశాడు, రుమాలు వంక చూశాడు. ఆరో వరస... మూడో దువ్వెన. పటంలో రెండోదీ కుడికే, మూడోదీ కుడికే. రుమాలులో మూడోది ఎడమకు తిరిగి ఉంది! రెండోదానికి ఎదురుగా, పువ్వుకు ఎదురు పువ్వులా! వదిన చేతి అలవాటు... తాను కుట్టిందేమిటో ఆమెకే తెలియని తప్పు. ఏటా పరీక్షలో అన్న సరిగ్గా అక్కడే చెయ్యి ఎడమకు చూపించేవాడు. ఒక్కటి తప్పు చెప్పినా పాసే గనక డాక్టరు కార్డులో గుర్తు పెట్టి వదిలేసేవాడు. కట్టె పట్టుకుని నిలబడ్డ తాను, 'అన్న గా ఒక్కటి మర్చిపోతడు' అనుకునేవాడు. మర్చిపోలేదు! వదిన ఏం కుడితే అదే నమ్మాడు. తమ్ముడేం చెబితే అదే నమ్మినట్టు...

ఇప్పుడు ఆ సంగతి ఆ గదిలో ఒక్కడికే తెలుసు. నోరు మూసుకుంటే ఉద్యోగం ఉంటుంది, క్వార్టరు ఉంటుంది, పేరు ఉంటుంది. అన్నే కాదన్నాక ఇక అడిగేదెవరు? జమ్లి మరిది మొహంలోకే చూస్తోంది. చిన్నప్పుడు జ్వరమొచ్చి మందు మింగనని మొండికేసి, చివరికి కళ్ళు గట్టిగా మూసుకుని మింగేవాడు. అచ్చం అలాగే ఇప్పుడు కళ్ళు మూసుకున్నాడు.

"సార్..." అన్నాడు. "రాయకుండ్రి. ఒక్కసారి కార్డులు చూడుండ్రి. ఆరో వరస, మూడోది."

డాక్టరు కార్డులు తిప్పారు. ఎనభై... ఎనభై ఒకటి... ఎనభై రెండు... ఆరు కార్డుల్లోనూ ఆరో వరస మూడో బొమ్మ కింద చిన్న ఎర్రగీత! ఆయన కళ్ళజోడు సర్దుకుని రుమాలు అందుకున్నారు. ఆరో వరస మీద వేలు పెట్టారు. మిగతా ఇద్దరు డాక్టర్లూ కుర్చీలు జరుపుకుని వంగారు.

"చూపు ఉన్నవాడు ఆరేళ్ళూ ఒకే చోట ఒకే తప్పు చెప్పడు" అన్నారు నెమ్మదిగా. "ఇది నిన్న కుట్టింది కాదు. మరి..."

"నేనే సార్. బీడీకట్ట కాగితం మీద గీసి నేనే ఇచ్చిన. మా అన్న డాక్టరుకు చెప్తనన్నడు, నేనే వద్దన్న. విచారణల నేనే దాచిన. ఇప్పుడు మా అన్న నాకోసం అబద్ధమాడిండు సార్... మా వదిన చెప్పిందే నిజం!"

నీ నోటితోనే నిన్ను బొంద పెట్టిస్తానని సీత్లా తల్లి మీద ఒట్టు పెట్టింది జమ్లి. తల్లి విన్నట్టే ఉంది! అబద్ధమెందుకు... ఆ క్షణాన జమ్లి కడుపు చల్లబడింది. మూడు నెలల మంట మీద కడివెడు నీళ్ళు పోసినట్టయింది. కాని రూప్‌సింగ్ కట్టె కింద పెట్టి, అన్న కాళ్ళ దగ్గర కూలబడి, లచ్చిరాం ఆ తల కోసం గాలిలో తడుముకుంటుంటే, ఆమె మొహం పక్కకు తిప్పేసుకుంది. చూస్తానని పంతం పట్టింది ఆమే, చూడలేకపోయిందీ ఆమే!

*

ఎనభయ్యో సంవత్సరం నాటికే చూపు పోయిందని, అప్పటి నుంచే ఆ పనికి అన్‌ఫిట్ అని బోర్డు రాసింది. డిస్మిస్ మాట లేకుండా పోయింది. అంగవైకల్యం ఉన్న మనిషి చేత ఇంజను నడిపించినందుకు కంపెనీదీ బాధ్యతేనని జంపయ్య మరో అర్జీ పెట్టి, సమ్మయ్యకు పైన, గనిలోకి దిగేవాళ్ళకు దీపాలిచ్చే లాంప్‌రూములో కూర్చుని చేసే పని ఇప్పించాడు. సమ్మయ్య దండం పెట్టలేదు, తిట్టలేదు. జమ్లి మాత్రం రోజూ పొద్దున్నే వాళ్ళ అరుగు మీద ఒక నీళ్ళ బిందె పెట్టి వస్తుంది. సమ్మయ్య భార్య మొదటి వారం ఆ నీళ్ళు పారబోసింది. తర్వాత పారబోయడం మానేసింది.

రూప్‌సింగ్ డిస్పెన్సరీ ఉద్యోగం పోయింది. యూనియన్ బతిమాలితే, గని లోపల మట్టీ బొగ్గూ ఎత్తే మజ్దూరు పనిలో వేశారు. క్వార్టరు ఖాళీ చేసి, ద్వాలితో కలిసి తండా చివర గుడిసె వేసుకున్నాడు.

శ్రావణంలో ఒక పొద్దున, మొదటి షిఫ్టుకు పోతున్నాడు. తలకు టోపీ, నడుముకు బెల్టు, కాళ్ళకు కొత్త బూట్లు. ఒకప్పుడు లచ్చిరాం పోయిన దారే. అన్న ఇంటి ముందు నడక తొందర చేశాడు. గుక్కెడు నీళ్ళు కూడా లేవన్న ఇల్లు అది.

"ఆగు" అంది జమ్లి వాకిట్లో నుంచి.

ఆగాడు. తల ఎత్తలేదు.

"ఖాళీ కడుపుతోని లోపలికి దిగితే కండ్లు తిరుగుతయ్. రా."

అరుగు మీద లచ్చిరాం కూర్చుని ఉన్నాడు. అతని పక్కనే బండ మీద కంచం పెట్టింది జమ్లి. రెండు జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం. ఆనాడు రాయికి తగిలి అడుగున సొట్టపడ్డ కంచం, బండ మీద కుదురుగా నిలవక టకటకమని ఊగింది. లచ్చిరాం చెవి అటు తిప్పాడు.

"గిది... రూప్‌సింగ్ కంచమేనా?"

"అవ్" అంది జమ్లి. తర్వాత మరిది వైపు చూడకుండానే అంది: "నా కోపం ఇంక పోలే. పోయిందనుకోకు. తిను."

రూప్‌సింగ్ కూర్చున్నాడు. రొట్టె విరవబోతే కంచం మళ్ళీ ఊగింది. లచ్చిరాం చెయ్యి చాచి, తడిమి, కంచం అంచు దొరికించుకుని, తమ్ముడు తినే దాకా కదలకుండా పట్టుకున్నాడు.